వరసలో కుడి చివరి మనిషి

కరక్ కొండలు
2 సెప్టెంబర్ 2004

తమ్ముడు మిత్కాల్‌కు,

అల్లా నిన్ను చల్లగా చూడాలి. ఈ మాటతో మొదలుపెట్టకపోతే సమీహా టీచరమ్మ కాగితం మీద కలం ఆనించనంటోంది. అందుకని అన్నాను. ఇక అసలు సంగతి.

నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. నేను చెబుతాను, టీచరమ్మ రాస్తుంది, రాసింది మళ్లీ నాకు చదివి వినిపిస్తుంది. ఇందాక నేను 'సిగ్గులేనివాడా' అంటే ఆమె 'మతిమరుపువాడా' అని రాసింది. పట్టుకున్నాను. కొట్టేయించాను. పైన ఆ కొట్టివేత కనిపిస్తే అందులో ఏముండాలో నీకిప్పుడు తెలిసింది.

"ఫోన్ ఉందిగా ఉమ్ సాలిమ్, ఈ తిప్పలెందుకు?" అంటోంది టీచరమ్మ, ఊరందరిలా నన్ను సాలిమ్ తల్లి అనే పిలుస్తూ. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో దగ్గుతావు. "లైను సరిగా లేదక్కా" అంటావు. కాగితం ముందు ఎంత దగ్గినా అందులో మాట చెరిగిపోదు.

పోయిన శుక్రవారం మా ఇంటికొచ్చావు. ద్రాక్ష పందిరి కింద మీ బావ హాయిల్ పక్కన కూర్చున్నావు. అంజీరపళ్లు తిన్నావు, మళ్లీ మళ్లీ కాఫీ పోయించుకున్నావు, బావ చెప్పిన గాడిద కథకు కళ్ల నీళ్లొచ్చేలా నవ్వావు. లేచి కారెక్కి అమ్మాన్ వెళ్లిపోయావు. మర్నాడు జిర్యిస్ పెళ్లాం మా ఇంటికి నూనె కోసం వచ్చి, "నెలాఖరు గురువారానికి మీరేం కట్టుకుంటున్నారు?" అంది. ఏ గురువారం అన్నాను. పాపం, ఆమె మొహం పాలిపోయింది. మీ మిలిటరీ కాలేజీ బ్యాచ్ అంతా నలభై ఏళ్ల తర్వాత అమ్మాన్‌లో ఒక హాల్లో కలుస్తున్నారట. మీతో చదివిన జిర్యిస్‌కు బంగారు అంచు కార్డు వచ్చిందట. కమిటీలో నువ్వే ముందున్నావట.

మరి హాయిల్ కార్డు ఏదిరా?

బ్రిగేడియర్‌గా రిటైరైనవాడివి, నీకు గుర్తుండకపోవచ్చు. నేను గుర్తు చేస్తాను. రెండేళ్లు మీరిద్దరూ పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. చివరి పరేడ్ ఇంకొద్ది రోజుల్లో ఉందనగా మిమ్మల్ని ఘోర్ లోయ ఎండలో నడిపించారు. వరస తప్పినవాడికి ఇంటిదారేనని ముందే చెప్పారు. నువ్వు పడిపోయావు. నోట నురగ. వరస నిన్ను దాటుకుని నడిచిపోయింది. ఒక్కడు మాత్రం బయటికొచ్చి నీ నోట్లో నీళ్లు పోశాడు. శిక్షకుడు ఆ నీళ్ల డబ్బా లాక్కోబోతే వదల్లేదు. దాన్ని చెయ్యెత్తడం అన్నారు. నీది ఎండదెబ్బ అని వదిలేసి, నీ భుజం మీద నక్షత్రం పెట్టారు. అతని చేతికి పెట్టె ఇచ్చి గేటు బయట పెట్టారు.

మన నాన్న అతనికి నన్నిచ్చాడు. కొడుకు ప్రాణానికి బదులుగా కూతుర్నిచ్చాడని ఊళ్లో అనుకున్నారు. కాదు. నేనే ఇమ్మన్నాను.

నేనడిగేది ఒక్కటే. ఆ గురువారం మీ పేర్లు పిలిచేటప్పుడు హాయిల్ పేరు కూడా పిలవాలి. అతను 'హాజర్' అని పలకాలి.

ఈ ఉత్తరం సంగతి అతనికి తెలీదు. గొర్రెలతో లోయలోకి దిగాక రాయిస్తున్నాను.

నీ అక్క
షంసా వేలిముద్ర


అమ్మాన్
7 సెప్టెంబర్ 2004

పూజ్యురాలైన అక్కకు, తమ్ముడు మిత్కాల్ సలాములతో రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మా ఆవిడ అబ్లాకు చక్కెర వ్యాధి అదుపులో ఉంది.

నీ ఉత్తరం చదివాను. అక్కా, ఇది నా చేతిలో ఉన్న పని కాదు. బ్యాచ్ అంటే చివరి పరేడ్ రోజున కలిసి ప్రమాణం చేసినవాళ్లు. కమిటీ నియమం అది. మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకడికి క్షయ వచ్చింది, ఒకణ్ణి తండ్రి దుకాణానికి పిలిపించుకున్నాడు. ఒకరికి తలుపు తీస్తే అందరికీ తీయాలి. పైగా బావ విషయంలో క్రమశిక్షణ ప్రశ్న ఉంది. న్యాయమా అన్యాయమా అని నేను అనడం లేదు. అలా నమోదై ఉంది, అంతే.

బావకు కూడా ఇది ఇష్టం ఉండదని నా నమ్మకం. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ కాలేజీ మాట ఎత్తలేదు. మానిన గాయం, కదపడం దేనికి?

మొన్న నడుస్తుంటే బావ మోకాళ్లు పట్టేయడం గమనించాను. ఇక్కడ మిలిటరీ ఆసుపత్రిలో నాకు తెలిసిన ఎముకల డాక్టరున్నాడు. ఎప్పుడు తీసుకొస్తావో చెప్పు, కారు పంపిస్తాను.

నీ ఉత్తరం వేడిగా ఉన్నా, దానితో బస్సులో వచ్చిన మూట చూశాక మనసు కుదుటపడింది. అంత జమీద్! ఎండు పెరుగు ఉండలు సున్నపురాయిలా తెల్లగా, ఒక్కటి కూడా పగలకుండా. మా ఇద్దరికీ అంత దేనికి? విందులో మన్సఫ్ మాంసం వండటానికే పంపావని అర్థమైంది. నోటితో తిట్టినా చేత్తో పెడతావు, చిన్నప్పటినుంచీ నీ పద్ధతే అది. కమిటీకి అందజేశాను. మా అధ్యక్షుడు జనరల్ షహాదే ఒక ముక్క నాలుక మీద వేసుకుని "ఇది కరక్ గొర్రె పాలు" అన్నాడు. మా అందరి తరఫున కృతజ్ఞతలు.

నీ తమ్ముడు
మిత్కాల్


కరక్ కొండలు
11 సెప్టెంబర్ 2004

మిత్కాల్‌కు,

ఈసారి సలాం లేదు. టీచరమ్మ గొణుగుతోంది. గొణగనీ.

ఏరా, ఆ మూట విందు కోసమా? అది మీ ఇంటి వాటా. నా పెళ్లయినప్పటినుంచీ ఏటా వేసవి పోయేముందు పుట్టింటికి జమీద్ పంపుతున్నాను. అమ్మ పోయాక నీ ఇంటికి పంపుతున్నాను. అబ్లాను అడుగు. ఏటా డబ్బాలో పోసుకునేది ఆమే. నువ్వు వంటగదిలోకి తొంగి చూస్తే కదా! పోయిన వసంతంలో ఈ చేతులతో చిలికి, బట్టలో పిండి, ఉప్పు కలిపి ఉండలు చేసి, కాకులు ముట్టకుండా కాపలా కాసి ఎండబెట్టాను. హాయిల్ గొర్రెల పాలురా అవి! హాయిల్‌ని వరసలోంచి గెంటేసినవాళ్లు హాయిల్ ఉప్పు తింటారా?

పోనీ, తిననీ. ఇచ్చింది వెనక్కి అడిగే ఇంట్లో పుట్టలేదు నేను. కానీ ఆ మాట ఆ జనరల్‌కు చెప్పు. అతను నాలుక మీద వేసుకున్నది ఎవరి గొర్రె పాలో చెప్పు. అతనూ కొండ మనిషే, ఒకరి ఉప్పు తిన్నాక ఏం చేయాలో అతనికి తెలిసే ఉంటుంది.

ఇక మోకాళ్లు. నేను మోకాళ్ల గురించి అడిగానా? గోడ గురించి అడిగితే గుమ్మం గురించి చెప్పడం మిలిటరీలోనే నేర్పారా నీకు?

బావకు ఇష్టం ఉండదంటావా? బావ మాట ఎత్తలేదు కాబట్టి ఇష్టం లేదన్నమాట! నేను చెబుతాను విను. పండగ రోజు టీవీలో పరేడ్ బాజా మొదలవగానే "గొర్రెల్ని చూసొస్తా" అని లేస్తాడు. గొర్రెలు కిటికీ ఎదురుగా దొడ్లోనే ఉంటాయి. వాటి మధ్య నిలబడి బాజా అయిపోయేదాకా లోపలికి రాడు. ఆలివ్ మొక్కలు నాటినప్పుడు కుడి చివర నిలబడి, ఒక కన్ను మూసి, "మూడోది వెనక్కి, అయిదోది ముందుకి" అంటూ నన్ను పరుగులు పెట్టించాడు. నాకప్పుడు ఆరో నెల. ఈ కొండల్లో చెట్లు అడ్డదిడ్డంగా పెరుగుతాయి. మావి మాత్రం వరసలో నిలబడ్డాయి. మీ బ్యాచ్‌లో అందరికంటే పొడుగు అతనే కదా! కుడి చివర నిలబడేది అతనే కదా! మీరందరూ తలతిప్పి అతన్ని చూసే వరస సరిచేసుకునేవాళ్లు కదా! నలభై ఏళ్లుగా ఎవర్ని చూసి సరిచేసుకుంటున్నారు మీరు?

పేరు పిలవాలి. అంతే.

షంసా వేలిముద్ర


అమ్మాన్
17 సెప్టెంబర్ 2004

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక నేను రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అబ్లా కూడా నాతో మాట్లాడటం లేదు. డబ్బా ఖాళీగా చూపించింది.

అయినా నీ కోసం కమిటీతో పోట్లాడాను. శుభవార్త. బావను గౌరవ అతిథిగా పిలవడానికి ఒప్పుకున్నారు. ముందు వరసలో, అతిథులతో పాటు కుర్చీ వేస్తారు. చివర్లో అందరితో పాటు ఆయనకూ ఒక జ్ఞాపిక ఇస్తారు, చెక్క మీద ఇత్తడి గద్ద బొమ్మ. వేదిక మీదికి కూడా రానక్కర్లేదు, కుర్చీ దగ్గరికే తెచ్చి ఇస్తారు. పేర్లు పిలవడం మాత్రం ప్రమాణం చేసినవాళ్లకే.

ఇంతకంటే నేనేం చేయగలనో నువ్వే చెప్పు. గురువారం పొద్దున్నే కారు పంపిస్తాను. బావకు మంచి కోటు లేకపోతే నాది ఉంది, చేతులు కాస్త పొట్టి అవుతాయి.

నీ తమ్ముడు
మిత్కాల్


కరక్ కొండలు
20 సెప్టెంబర్ 2004

మిత్కాల్‌కు,

టీచరమ్మ నీ ఉత్తరం చదువుతుంటే 'అతిథి' అన్న చోట ఆపమన్నాను. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే ఉంది.

నీ పక్క మంచం మీద రెండేళ్లు పడుకున్నవాడు నీకు అతిథా? అతిథికి కుర్చీ వేస్తారు, ఇత్తడి గద్దనిస్తారు, కార్లో ఎక్కించి పంపిస్తారు. మళ్లీ అతను ఎవరికీ గుర్తుండడు. ఆ కుర్చీ నువ్వే వేసుకో, కాళ్లు నొప్పెడితే కూర్చోవచ్చు. గద్దకు మా ఇంట్లో చోటు లేదు, కోళ్లు బెదురుతాయి.

నేను మొదట అడిగింది చాలా చిన్నది. ఒక్క పేరు. అది ఇచ్చి ఉంటే అక్కడితో అయిపోయేది. ఇప్పుడు ఆ బేరం లేదు. ఇప్పుడు హాయిల్ మీ హాలుకు రాడు. నేను రానివ్వను.

ఇప్పుడు మీరే రావాలి. నువ్వు పట్నంలో ఉండి మర్చిపోయి ఉంటావు కాబట్టి మన పద్ధతి చెబుతాను. మనిషితో పని పడ్డవాళ్లు పెద్దల్ని వెంటబెట్టుకుని అతని గుమ్మానికి వస్తారు. కూర్చుంటారు. ఇంటాయన కాఫీ పోస్తాడు. వాళ్లు తాగరు. కప్పు కింద పెడతారు. "మీకేం కావాలి?" అని ఇంటాయన అడిగేదాకా, వచ్చిన పని అవుతుందని మాటిచ్చేదాకా ఆ కప్పు ఎత్తరు. పిల్లనడగడానికైనా, హత్యకు క్షమాపణ కోరడానికైనా మనకు తెలిసిన దారి ఇదే. మీ బ్యాచ్ మొత్తం నా గుమ్మానికి రావాలి. కప్పులు కింద పెట్టాలి. మీ వరసలో వచ్చి నిలబడమని హాయిల్‌ని అడగాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అతని ఇష్టం.

టీచరమ్మ కలం ఆపేసింది. "ఆడది జనరల్‌కు ఇలా చెప్పి పంపొచ్చా ఉమ్ సాలిమ్?" అంటోంది. నేను జనరల్‌కు చెప్పడం లేదు, నా తమ్ముడికి చెబుతున్నాను. నా తమ్ముడికి నోరుంటే అతనే జనరల్‌కు చెబుతాడు.

షంసా వేలిముద్ర


అమ్మాన్
25 సెప్టెంబర్ 2004

అక్కా,

నీ ఉత్తరం జనరల్ షహాదేకు చదివి వినిపించాను. ఎందుకో నిజం చెబుతాను. ఆయన నవ్వుతాడు, నేనూ నవ్వుతాను, ఈ తలనొప్పి తేలికవుతుందని. ఆయన నవ్వలేదు. కాగితం ఇలా ఇమ్మని తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నొచ్చుకున్నాడని నా అనుమానం. నా పరువు నువ్వు ఏం చేశావో నీకు అర్థం కావడం లేదు.

ఎవరూ రారు. అది నువ్వు కూడా నమ్ముతున్నట్టు లేదు. అమ్మాన్-కరక్ బస్సుల వేళలు నిన్న ఫోన్‌లో అబ్లాను అడిగావట. పెట్టెలోంచి కుట్టుపని నల్లగౌను కూడా తీశావని జిర్యిస్ పెళ్లాం చెప్పిందట. అంటే నువ్వే హాలుకు వచ్చి, అందరి ముందూ కప్పు కింద పెడదామని. అక్కా, చేతులు జోడిస్తున్నాను. ఆ రోజు పొద్దున్న మిగతావాళ్లంతా బస్సులో పాత కాలేజీ చూడటానికి వెళతారు. నేను మాత్రం హాలు గేటు దగ్గరే ఉంటాను. నా సొంత అక్కను నా చేత్తో ఆపే పరిస్థితి తేవద్దు.

మిత్కాల్


అమ్మాన్
1 అక్టోబర్ 2004

ఉమ్ సాలిమ్‌కు,

నిన్న పొద్దుటినుంచి మధ్యాహ్నం దాటేదాకా పతకాలు పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. దిగిన ప్రతి నల్లగౌను మొహంలోకీ చూశాను. ఒకావిడ నన్ను కాపలాదారు అనుకుని లోపలికి దారి అడిగింది. వెనక మన్సఫ్ చల్లారిపోయింది. కాలేజీ చూడటానికి వెళ్లిన బస్సు తిరిగి రాలేదు. చివరికి షహాదే ఫోన్ చేశాడు. వెనక నీ గొర్రెల అరుపులు వినిపించాయి.

నువ్వు ముందే మాట్లాడుకుని చేశావు. నా బ్యాచ్‌ను నా నుంచి ఎత్తుకుపోయావు. నలభై ఏళ్లు వాళ్లతో ఉన్నవాణ్ణి నేను. నన్నొక్కణ్ణే ఖాళీ హాలు ముందు నిలబెట్టావు.

నీ గుమ్మం ఇక తొక్కను.

మిత్కాల్


కరక్ కొండలు
3 అక్టోబర్ 2004

తమ్ముడు మిత్కాల్‌కు,

అల్లా నిన్ను చల్లగా చూడాలి. ఈసారి ఎవరూ బలవంతపెట్టకుండానే అన్నాను.

చేతిరాత మారిందని చూస్తున్నావా? టీచరమ్మ కాదు. హాయిల్ రాస్తున్నాడు. ఇన్ని ఉత్తరాలు తన వెనక నడిచాయని తెలిసి ఒక పూట నాతో మాట్లాడలేదు. ఇంకో పూట ఆ గాడిద కథ మళ్లీ చెప్పాడు. ఇవాళ నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చాడు. తన గురించి మంచి మాట వచ్చినప్పుడల్లా కలం ఆపుతున్నాడు. "రాయి" అంటున్నాను. రాస్తున్నాడు.

ముందు నీ మాటకు జవాబు. నేను ఎవరితోనూ మాట్లాడుకోలేదు. బస్సు వేళలు అడిగింది రావడానికి కాదు, ఒకవేళ వస్తే ఏ పొద్దుకు దిగుతారో తెలుసుకోవడానికి. నల్లగౌను కట్టుకున్నది నా గుమ్మంలో నిలబడటానికి. పొద్దున్నే రెండు పొట్టేళ్లు కోయించాను. ఏం సందర్భం అని హాయిల్ అడిగితే మొక్కు అన్నాను. ఎవరూ రాకపోతే ఊరందరికీ పెట్టి మొక్కు తీరిందనేదాన్ని. నా మాట జనరల్ చెవిన వేసింది నువ్వు. నవ్విద్దామనే చదివావు. చదివావు కదా, అది చాలు.

మీ బస్సు కాలేజీ వైపు తిరగాల్సిన చోట షహాదే లేచి నా ఉత్తరం పైకి చదివాడట. "నేను కరక్ వెళుతున్నాను, ఇష్టం లేనివాళ్లు దిగండి" అన్నాడట. జిర్యిస్ చెప్పాడు. ఎవరూ దిగలేదట.

హాయిల్ దొడ్డి గోడకు రాళ్లు పేరుస్తున్నాడు. మోకాళ్ల దాకా మట్టి. బస్సాగింది. కర్రలు పట్టుకుని ముసలాళ్లు ఒక్కొక్కరే దిగుతున్నారు. అందరూ నల్లకోట్లు. హాయిల్ చేతిలో రాయి జారిపోయింది. ఆ గుంపులో ఒక్కొక్కరి మొహమే వెతికాడు. నువ్వు లేవు. షహాదే దగ్గరికి పరిగెత్తాడు, ఆ మోకాళ్లతోనే పరిగెత్తాడురా, "మిత్కాల్‌కు ఏమైంది? ఎప్పుడు పోయాడు?" అన్నాడు.

నలభై ఏళ్ల తర్వాత వాళ్లతో అతనన్న మొదటి మాట అది.

ఇక్కడ కలం ఆపాడు. రాయి అన్నాను.

నువ్వు బతికే ఉన్నావని నమ్మించేసరికి షహాదేకు చెమటలు పట్టాయి. పందిరి కింద కూర్చోబెట్టాం. కాఫీ నేను కాచాను, హాయిల్ పోశాడు. షహాదే కప్పు అందుకుని, పెదవికి తాకించకుండా కింద పెట్టాడు. పక్కవాడు పెట్టాడు. అలా చివరిదాకా అందరూ పెట్టారు. హాయిల్ నావైపు చూశాడు. నేను కాఫీ గిన్నె వైపు చూశాను.

"ఏం కావాలి మీకు?" అన్నాడు.

"మా వరసకు కుడి చివరి మనిషి కావాలి. అతను లేకుండా మేం వంకరగా నిలబడ్డాం" అన్నాడు షహాదే.

హాయిల్ కింద పెట్టిన కప్పుల్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. నాకు భయమేసింది. అవును, నాకు. కాదంటాడేమో అనుకున్నాను. కాదన్నా అతని హక్కే. చివరికి, "తాగండి. చల్లారితే ఈవిడ మళ్లీ కాచదు" అన్నాడు.

కళ్లంలో నిలబడ్డారు. కాళ్లూచేతులూ కడుక్కోమంటే హాయిల్ కడుక్కోలేదు, ఆ మట్టితోనే కుడి చివరకు వెళ్లాడు. అందరూ తల తిప్పి అతన్ని చూసి వరస సరిచేసుకున్నారు. కొందరికి మెడలు తిరగలేదు, ఒళ్లంతా తిప్పుకున్నారు. షహాదే పేర్లు పిలిచాడు. హాయిల్ పేరు మొదట పిలిచాడు. 'హాజర్' అన్న కేకకు దొడ్లో గొర్రెలన్నీ ఒక మూలకు దూకాయి. గొర్రెలు బెదిరితే నేను ఊరుకోను, ఆ ఒక్కసారి ఊరుకున్నాను.

నీ పేరు పిలిచారు. హాయిల్ పక్కన నీ చోటు ఖాళీగా ఉంది. "దగ్గరికి జరగండి" అని ఎవరో అన్నారు. హాయిల్ తల తిప్పకుండానే, "జరగొద్దు" అన్నాడు. ఎవరూ జరగలేదు. అలాగే ఫొటో తీయించుకున్నారు, మధ్యలో మా ఆలివ్ చెట్లు కనిపించేంత సందుతో.

ఇందులో క్షమాపణ ఉంటుందని వెతక్కు. లేదు. నేను అడిగింది న్యాయం, అడిగిన తీరూ న్యాయమే. నిన్ను ఖాళీ హాలు ముందు నిలబెట్టింది నేను కాదు. నువ్వు నన్ను ఆపడానికి నిలబడ్డావు. అక్కతో కలిసి నిలబడి ఉంటే నీ చోటు నిండి ఉండేది.

నా గుమ్మం తొక్కనన్నావు. తొక్కకు. నీ పట్టుదల నాకు తెలుసు, మన నాన్నదే అది. ఈ మాట హాయిల్‌తో అంటే, "అతను రాకపోతే నేనెళతాను" అన్నాడు. ఎంత మొండివాణ్ణి కట్టుకున్నానో చూడు! ఇన్ని రోజులు కొట్లాడి అతన్ని వరసలో నిలబెట్టానా, నిలబెట్టిన మూడోనాడే నీ కోసం మళ్లీ బయటికొస్తానంటున్నాడు. వద్దన్నాను. అరిచాను. గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. వినలేదు. అందుకే ఈ ఉత్తరం బస్సు డ్రైవర్‌కు ఇవ్వడం లేదు. రాసినవాడే తెస్తున్నాడు.

నువ్వు చదువుతున్నంతసేపూ అతను నీ ఎదురుగా నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోడు, మోకాళ్లు నొప్పెడుతున్నాయని చెప్పడు. చదవడం అయిపోయింది. కాగితం దించు.

నీ అక్క
షంసా వేలిముద్ర